దొర గోరీ మీది పసిముఖం

మా మనవరాలు ఇంగ్లండు చూసి వచ్చింది. వచ్చిన దగ్గర నుంచి ఫోను పట్టుకుని నా మంచం మీద కూర్చోవడమే దాని పని. నాకేమో చింతపండులో గింజలు తీసే పని ఉంది. దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్‌లోని ఈ ఇంట్లో గింజలు తీసే తీరిక ఎవరికీ లేదు, తీసిన ప్యాకెట్లే కొంటారు. నా చేతులు బాగున్నంత కాలం అవి కొనవద్దని చెప్పాను.

"అమ్మమ్మా, ఇవి చూడు" అని ఫోను నా ముఖానికి అడ్డం పెట్టింది. ఏదో పల్లెటూరి చర్చి. చుట్టూ పచ్చగడ్డి, గడ్డిలో రాతి పెట్టెలు, మా ఊళ్ళో వడ్లు పోసుకునే గుమ్ముల్లాగా. వాటి అంచుల మీద పళ్ళగుత్తులు, మెలితిరిగిన తాళ్ళు, ముడతలు పడిన పరదాలు, అన్నీ రాతితోనే. మూలల్లో రెక్కలున్న పసిముఖాలు. వానలకు నాని, పాచిపట్టి, కొన్నిటికి ముక్కులు కూడా లేవు.

"గోరీల దగ్గర ఫోటోలేమిటే?" అన్నాను.

"గోరీలే కానీ వందల ఏళ్ళ నాటి శిల్పాలు అమ్మమ్మా. చూడ్డానికి టికెట్ కూడా లేదు."

టికెట్ లేదన్నాక కాస్త మెత్తబడి మిగిలినవి కూడా చూశాను. ఒక పసిముఖం దగ్గర దాని చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇలాంటిది చెక్కుతుంటే పక్కన కూర్చుని చూశాను నేను."

"ఎక్కడ? మీ ఊళ్ళోనా?"

"ఈ ఊళ్ళోనే."

అది నవ్వింది. దోహాలో ఇలాంటివి ఎవరు చెక్కుతారంది. దాని తప్పు కాదు. అది పుట్టేసరికి ఇక్కడ అంతా అద్దాల మేడలు. నేను వచ్చినప్పటి ఊరు వేరు. మళ్ళీ చెప్పే ఓపిక ఉంటుందో లేదో, అందుకే ఒకసారి రాసి పెడుతున్నాను.

మా వాళ్ళది రాతి పని. ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి రోళ్ళు, విసుర్రాళ్ళు చెక్కేవాళ్ళు, అరిగినవాటికి మళ్ళీ గాట్లు పెట్టేవాళ్ళు. కూలి కింద గింజలు కొలిచేవారు. ఊళ్ళలోకి కరెంటు పిండి గిర్నీలు వచ్చాక మా బాపును పిలిచేవాళ్ళు లేకపోయారు. ఇక్కడ అప్పుడు చమురు పొంగుతున్న రోజులు, ఎటు చూసినా గోడలు లేస్తున్నాయి. ఎవరో ఏజెంటు బాపును తాపీ పనికని పంపించాడు. చమురు కంపెనీలో పనిచేసే ఒక ఇంగ్లీషు దొర బాపు పనితనం చూసి, తన ఇంట్లో పనికి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కావాలని, కాగితాలన్నీ తనే చేయించి అవ్వనూ నన్నూ రప్పించాడు. మా వైపు నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. నా చదువు మూడో తరగతి సగంలో ఆగింది. ఊళ్ళో మాత్రం మేము దుబాయ్ పోయామనే చెప్పుకున్నారు. ఖతర్ అని అవ్వ ఎన్నిసార్లు చెప్పించి పంపినా వాళ్ళకది దుబాయే.

దొర ఇంటి వెనక మాకొక గది. ఆ గది వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది: కిరసనాయిలు పొయ్యి, డాల్డా, డబ్బా పాలపొడి, ఎండబెట్టిన నల్ల నిమ్మకాయలు. చింతపండు దొరకని వారం అవ్వ ఆ నిమ్మకాయలనే చితక్కొట్టి పచ్చిపులుసు చేసేది. చేదు దిగేది. "నోరు మూసుకుని తిను" అనేది. దొర గదిలో ఏసీ నడుస్తుంటే కిటికీ బయట నీళ్ళు కారేవి. వాటి కింద బకెట్టు పెట్టడం నా పని. ఆ నీళ్ళతో బట్టలు ఉతికేవాళ్ళం. సిమెంటు సంచుల కాగితం దులిపి, మడిచి దాచేవాళ్ళం. పరుపు కిందకీ అదే, రొట్టెలు చుట్టడానికీ అదే.

పక్క బంగళాలో ఆయాగా గోదావరి జిల్లా ఆవిడ ఉండేది. నేను పెద్దమ్మ అనేదాన్ని. అరచెయ్యంత బొట్టు, గట్టి గొంతు. ఆమె మాట అవ్వకు సగం అర్థమయ్యేది కాదు, అవ్వ మాట ఆమెకు సగం అర్థమయ్యేది కాదు. అయినా సాయంత్రం కాగానే ఇద్దరూ మెట్ల మీద చేరేవాళ్ళు.

"మీ భాషేంటే తల్లీ, రాళ్ళు దొర్లించినట్టు!" అనేది పెద్దమ్మ.

"మా పనే గది గదక్కా" అనేది అవ్వ.

చలి మొదలైనప్పుడు అవ్వకు కొడుకు పుట్టాడు. వాడి ఎడమ చెవి పై అంచు ముందుకు మడతపడి ఉండేది, ఆకు కొస ముడుచుకున్నట్టు. బాపు వేలితో మెల్లగా విప్పేవాడు. వేలు తియ్యగానే మళ్ళీ ముడుచుకునేది. "మొండోడు" అని మురిసిపోయేవాడు. వాడికి ఇంకా పేరు పెట్టలేదు, జ్వరం వచ్చి పోయాడు.

మాలో పసిపిల్లలను మట్టిలో పెడతారు. ఆడవాళ్ళు వెంట వెళ్ళకూడదు. పెట్టిన చోట గుర్తు ఉంచకూడదు, ఎక్కడ పెట్టారో తల్లికి చెప్పకూడదు. గుర్తు పెడితే బిడ్డ అక్కడే ఉండిపోతాడని, గుర్తు లేకపోతే దారి వెతుక్కుంటూ మళ్ళీ అదే కడుపుకు వస్తాడని నమ్మకం. బాపు చిన్న మూట ఎత్తుకున్నాడు. దొర తనే బండి నడిపాడు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఇద్దరి బూట్లకూ ఒకటే మట్టి.

ఆ రోజు నుంచి అవ్వకు ఒకటే మాట.

"ఏడ వెట్టినవ్?"

"అడుగద్దు."

"మనూళ్ళెనైతె ఏ చెరువు కట్టకో, ఏ చెల్కకో అనుకుందు. ఈడ దిక్కు సుత తెల్వదు నాకు. ఏడనని అనుకోవాలె?"

"చెప్తె ఇగ రాడు. నీకు వాడు రావాన్నా వద్దా?"

అవ్వకు వాడు రావాలనే ఉండేది, ఎక్కడున్నాడో తెలియాలనీ ఉండేది. పెద్దమ్మ కూడా బాపు వైపే. "మగాడు చెప్పింది నిజమే. గుర్తు పెట్టారంటే గుంజకి కట్టేసినట్టేనే" అనేది. గాలి లేచిన రోజున అవ్వ గుమ్మంలో నిలబడి, ఇసుక ఎటు నుంచి ఎటు కొట్టుకుపోతోందో చూస్తూ ఉండేది. అన్నం మాడిన వాసన వచ్చినా కదిలేది కాదు.

ఎండలు ముదిరాక దొర పోయాడు. పనిచేసే చోటే గుండె ఆగిందట. ఆయన సగం బతుకు ఇక్కడే గడిచింది, ఇక్కడే ఉంటాడంది దొరసాని. ఊరి బయట, తీగ కంచె వేసిన పరదేశుల గోరీల జాగాలో పెట్టి వచ్చారు. ఆమె ఏడవగా నేను చూడలేదు. కొన్నాళ్ళకు ఒక పొడుగు రేకు గొట్టం తెచ్చి మా గది ముందు మూత తీసింది. లోపల చుట్టలు చుట్టిన కాగితాలు.

ఆమె పుట్టిన ఊళ్ళో చర్చి చుట్టూ పాత గోరీలు ఉన్నాయట. చిన్నప్పుడు ఆ చెక్కడాల మీద కాగితం పరిచి, నల్ల మైనంతో రుద్దేదట. రుద్దితే రాతి మీద ఉన్నది ఉన్నట్టు కాగితం మీదికి వస్తుంది. గొట్టంలోనే ఒక మైనపు బిళ్ళ కూడా ఉంది. దాన్ని ఆమె నా చేతిలో పెట్టి ఎలా రుద్దాలో చూపించింది.

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. సిమెంటు కాగితం ముక్కలు చేసి జల్లెడ మీద రుద్దాను, బాపు చెప్పు అడుగున రుద్దాను. పెద్దమ్మ రేకు పెట్టె మీద పువ్వులుంటే, కాగితం చాలక ఉత్త పెట్టె మీదే రుద్దేశాను. పెద్దమ్మ నా జడ పట్టుకుని అవ్వ దగ్గరికి ఈడ్చుకొచ్చింది.

"చూడవే నీ కూతురి సొగసు! మా ఆయన పెళ్ళికి కొన్న పెట్టె, బొగ్గుల బస్తా చేసి పెట్టింది!"

"ఇంకో రెండు తగిలియ్యక్కా, నా చెయ్యి లేస్తలేదు" అంది అవ్వ.

చెయ్యి ఎందుకు లేవడం లేదో పెద్దమ్మ వెంటనే కనిపెట్టింది. నా జడ వదిలేసి అవ్వ ముఖంలోకి చూసి, "ఎన్నో నెలే?" అంది. అవ్వకు మళ్ళీ కడుపు వచ్చిందని అలా తెలిసింది మాకు. "నే చెప్పలా? దారి వెతుక్కుంటూ వచ్చేశాడు" అని మొటికలు విరిచింది పెద్దమ్మ. నా దెబ్బలు తప్పాయి.

దొరసాని కాగితాలు పరిచి బాపును అడిగింది, ఇందులోవి ఆయన గోరీ రాయి మీద చెక్కగలవా అని. ఆమెది వచ్చీరాని ఉర్దూ, బాపుది ఊరి ఉర్దూ. పళ్ళగుత్తులు సరే అన్నాడు, తాళ్ళు సరే అన్నాడు. ఒక కాగితం మీద పుర్రె, కింద రెండు ఎముకలు ఉన్నాయి. బాపు దాన్ని వెనక్కి తిప్పి పెట్టాడు.

"ఇది నేను చెక్క. ఇంట్ల కడుపుతోటున్న మనిషి తిరుగుతది."

దొర పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆయనకూ అది నచ్చేది కాదంది. రెక్కల పసిముఖం తీసి చూపించింది. అప్పటిదాకా దూరంగా కూర్చుని బియ్యం ఏరుతున్న అవ్వ చేట పక్కన పెట్టి వచ్చింది.

"ఎవల పోరడు ఈడు?"

బాపు అడిగి చెప్పాడు. "పోరడు గాదట. ఫరిష్తానట. దేవుని కాడుంటడట."

"ఫరిష్తానో ఎవడో. పసిపోరడే గద" అని అవ్వ కాగితం మీద వేలు పెట్టి ఆ బుగ్గ తడిమింది. వేలికి నలుపంటింది. "వీళ్ళు వెట్టుకుంటరు. మనకే లేదు" అంది మెల్లగా. బాపు విననట్టు ఉలి నూరుకున్నాడు.

రాయి తెచ్చారు. ఈ దేశపు రాయే, లేత పసుపు రంగు. బాపు చెయ్యి మా నల్లరాతికి అలవాటు పడిన చెయ్యి. అక్కడ బలంకొద్దీ కొడితే గోరంత పెళ్ళ లేస్తుంది, నిప్పు రవ్వలు లేస్తాయి. అదే దెబ్బ దీని మీద వేశాడు. మొదటి రాయి నిలువునా రెండయింది. బాపు విరిగిన అంచును గోటితో గీకి చూశాడు. "ఇది రాయి గాదు, బెల్లం" అన్నాడు. విరిగిన ముక్కలో చిన్న చిన్న గవ్వలు ఇరుక్కుని ఉన్నాయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే సముద్రం వాసన. ఆ ముక్కలు పారెయ్యలేదు. ఒకటి అవ్వ పచ్చళ్ళ జాడీ మీద మూతగా పెట్టుకుంది, ఒకటి బట్టలు ఉతుక్కునే బండ అయింది.

రెండో రాతికి సుత్తి పక్కన పెట్టి చెక్క గూటం పట్టాడు. పొద్దున ఎండ ఎక్కకముందు, సాయంత్రం గోడ నీడ పడ్డాక, టక్కు టక్కుమని చప్పుడు. నేను పక్కన కూర్చుని పొడి ఊదేదాన్ని. కళ్ళలో, జుట్టులో, అన్నంలో కూడా ఆ పొడే. ముఖం పని మొదలయ్యాక బాపు నన్ను కూడా దగ్గరికి రానివ్వలేదు. గోనెపట్ట అడ్డం కట్టుకున్నాడు. రోళ్ళు చెక్కిన మనిషికి ముఖం చెక్కడం సిగ్గేమో అనుకున్నాం.

పని అయిపోయిందని గోనెపట్ట తీసిన రోజు పెద్దమ్మ కూడా చూడడానికి వచ్చింది. పళ్ళగుత్తులు మా వైపు సీతాఫలాల్లాగా వచ్చాయి. రెక్కలు కొంగ రెక్కల్లాగా ఉన్నాయి. ముఖం మాత్రం కాగితం మీది ముఖం కాదు. కాగితం మీద ఉన్నది గుండ్రటి బుగ్గల తెల్లోళ్ళ పిల్లవాడు. ఇక్కడ సన్నటి గడ్డం, ఎత్తు నుదురు. ఎడమ చెవి పై అంచు ముందుకు మడతపడి ఉంది.

అవ్వ ఆ చెవి వైపు వేలు చూపించింది.

"ఆడనేనా? దొర కాడనేనా వెట్టింది?"

బాపు తల ఊపాడు.

"నీకు గుర్తొద్దంటివి. నాకు చెప్పద్దంటివి. నువ్వు మాత్రం రాయి మీద గొట్టుకున్నవ్!"

"దొర ఆనాడు పార వట్టిండు" అన్నాడు బాపు. "నాతోటి మట్టి తీసిండు. గిప్పుడాయన వాని పక్కకే వచ్చి పండుకున్నడు. తోడుండనీ అనిపిచ్చింది. చెయ్యి అటే వోయింది, నేనేం జెయ్యాలె?"

పెద్దమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో, ఎంత పని చేశావయ్యా! గుంజకి కట్టేశావు కదయ్యా పిల్లాణ్ణి! మరి దీని కడుపులో ఉన్నది ఎవరు?"

ఆ మాటతో అవ్వ చెయ్యి కడుపు మీదికి పోయింది. ఏడాదిగా గుర్తు కావాలని ఏడ్చిన మనిషి, గుర్తు కళ్ళ ముందు పడేసరికి వెనక్కి అడుగు వేసింది.

"తీసెయ్. ఆ చెవి తీసెయ్. గిప్పుడే తీసెయ్."

బాపు సన్న ఉలి తీసుకుని మడత మీద ఆనించాడు. గూటం లేపాడు. లేపినవాడు అలాగే ఉండిపోయాడు. గుర్తు వద్దని అన్నాళ్ళు గొడవపడిన మనిషే ఉలీ గూటం రెండూ అవ్వ ముందు పెట్టాడు.

"నాతోని గాదు. నువ్వే కొట్టు."

అవ్వ గూటం అందుకుంది. అప్పుడే దొరసాని బయటికి వచ్చింది. బాపు తడబడుతూ ఆమెకు సంగతంతా చెప్పాడు. తన మొగుడి రాయి మీద వేరేవాళ్ళ బిడ్డ ముఖం ఉందని తెలిసి ఆమె కోప్పడుతుందనుకున్నాం, ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆమె రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ చెవిని చూసింది.

బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన రోజు రాత్రి ఆయన భోజనం చెయ్యలేదంది. మాకు తెలియని మాట అది. తర్వాత అవ్వతో, మధ్యలో బాపు తెలుగు చేస్తుండగా చెప్పింది. "మా ఊళ్ళో ఈ ముఖాలన్నీ అరిగిపోయాయి. వాన నాకేసింది. ఎవరి బిడ్డలో ఎవరికీ తెలియదు. ఇక్కడ వాన మాఫీ, వానే లేదు. గాలి ఉంది, ఇసుక ఉంది. ఇది మెత్తటి రాయి. నువ్వు కొట్టనక్కర లేదు, అదే పోతుంది. ఉన్నన్నాళ్ళు ఉండనియ్యి. కొట్టాలనుకుంటే కొట్టు, నేనేమీ అనను."

అవ్వ గూటం దించింది. రాతి ముఖం మీద పొడి పేరుకుని ఉంది. చీర కొంగుతో నుదురూ ముక్కూ చెవి సందూ తుడిచింది. తుడిచి, "తీస్కపోండి. నా కండ్ల ముంగట వద్దు" అని లోపలికి పోయింది.

రాయిని తీసుకుపోయి నిలబెట్టారు. బండి తెచ్చినవాళ్ళు యల్లా యల్లా అని తొందరపెట్టిన కేకలు ఇంకా గుర్తున్నాయి. అవ్వ చూడ్డానికి వెళ్ళలేదు. చోటు తెలిసింది, దూరమూ తెలిసింది, అయినా ఆ పేరు ఎత్తలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని తనలో తను ఏదో లెక్క చూసుకునేది. పెద్దమ్మ గోంగూర పచ్చడి తెచ్చిపెడితే ఒక్క ముద్ద తిని పక్కన పెట్టేది.

చలికాలంలో తమ్ముడు పుట్టాడు. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు పెద్దమ్మ వాణ్ణి ఒడిలో పెట్టగానే, అవ్వ ముందు వాడి టోపీ పైకెత్తింది. ఎడమ చెవి చూసింది, కుడి చెవి చూసింది, మళ్ళీ ఎడమ చెవి చూసింది. రెండూ నిటారుగా, అచ్చుపోసినట్టు ఉన్నాయి.

పెద్దమ్మ గొంతు సవరించుకుంది. "చెవిదేముందే, అన్నీ అలాగే రావాలని ఏముంది?" అంది.

"వాడు గాదక్కా" అంది అవ్వ. "వీడు వేరే పిలగాడు. మంచిగున్నడు." పాలు పట్టింది. వాడు నిద్రపోయాక పెద్దమ్మకు అప్పగించి లేచింది. బాలింత గడప దాటకూడదు. గోరీల జాగాకైతే అసలు పోకూడదు. పెద్దమ్మ వద్దనడానికి నోరు తెరిచింది, అవ్వ ముఖం చూసి పిల్లాణ్ణి భుజాన వేసుకుంది.

"తోలుకపో" అంది బాపుతో. నన్ను కూడా రమ్మంది.

దొరసానే బండి నడిపింది. తీగ కంచె, లోపల అక్కడొకటి అక్కడొకటి గుర్తులు. గాలికి కళ్ళు తెరవలేకపోతున్నాం. దొర రాయి మేము అనుకున్నదాని కన్నా చిన్నగా కనిపించింది. అవ్వ దాని ముందు ఆగి చూసింది గానీ ముట్టుకోలేదు. బాపు దాని పక్కనే నేల వైపు వేలు చూపించాడు. కుక్కలు తవ్వకుండా పెట్టిన పలకరాళ్ళు కొన్ని, సగం ఇసుకలో.

అవ్వ అక్కడ గొంతుకూర్చుంది. ఏడుస్తుందని బాపు దగ్గరికి వెళ్ళాడు. ఆమె ఏడవలేదు. పక్కకు ఒరిగిన ఒక రాయిని సర్ది, కదలకుండా కింద గులకరాయి తోసింది. ఆమెకు అడగడానికి ఒక్కటే మిగిలింది.

"తల ఎటు వెట్టినవ్?"

"దక్షిణం."

"ఈ ఎడారిల నీకు దక్షిణమెట్ల తెల్సింది?"

"దొర కాడ దిక్కులు జూసే డబ్బ ఉండె. అడిగిన. కిందవెట్టి, ముల్లు ఆగేదాక చూసి చెప్పిండు."

అవ్వ ఆ రాళ్ళను తల వైపు నుంచి కాళ్ళ వైపుకు ఒకసారి చూసుకుంది. "సరే" అని లేచింది. పాలు చేపుకొచ్చి రవిక తడిసింది. ఇంటి దగ్గర పిల్లవాడు ఏడుస్తుంటాడు, పోదాం పదండి అంది.

ఆ తర్వాత దొరసాని తన దేశం పోయింది, మేము మా ఊరు పోయాం. నేను మళ్ళీ ఈ దేశం వచ్చింది కూతురి కాపురానికి తోడుగా. ఆ తీగ కంచె ఏ రోడ్డు పక్కన ఉందో, అసలు ఉందో లేదో నేను ఎవరినీ అడగలేదు. మనవరాలు పోదాం పద అంటోంది. ఆ మెత్తటి రాయి మీద ముఖమేమీ మిగిలి ఉండదు. అవ్వ లేదు, బాపు లేడు. తమ్ముడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. పేరు కూడా పెట్టని ఒక పిల్లవాడికి తల ఎటు పెట్టారో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.